ముందు వరస ఎవరిది?

సంక్రాంతికి నెల్లూరు తీరపు ఊళ్ళలో కబడ్డీ పోటీలు పెడితే టికెట్టు అడిగేవాళ్ళు ఉండరు. బడి ఆవరణలోనో గుడి ముందర ఖాళీ జాగాలోనో నేల చదును చేసి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. చుట్టూ గుంజలు పాతి తాడు కడతారు. తాడు పట్టుకుని పెద్దవాళ్ళు నిలబడతారు. వాళ్ళ వెనక ట్రాక్టర్ల మీద, గోడల మీద కుర్రకారు. తాడు కిందుగా దూరి లోపలికొచ్చి, సున్నపు గీతకు బారెడు దూరంలో గొంతుక్కూర్చునేది పిల్లలు. కూతకొచ్చినవాడి కాలు దొరకబుచ్చుకుని నలుగురూ ఒక్కసారిగా మీద పడ్డారంటే ఆ మట్టంతా వాళ్ళ మొహాన్నే. రిఫరీ విజిల్ వేయకముందే ‘అవుట్’ అని అరిచేదీ వాళ్ళే. వెనక్కి పొమ్మని వాళ్ళనెవరూ గదమాయించరు. చిన్నవాళ్ళు ముందు కూర్చోవాలన్నది ఎక్కడా రాయకుండానే అమలయ్యే నియమం.

వరి మళ్ళు, రొయ్యల గుంటలు దాటుకుంటూ మైపాడు సముద్రం దాకా పరుచుకున్న ఇందుకూరుపేట మండలంలో ఒక పిల్లవాడు ఇదే ఉత్సాహంతో పెద్ద స్టేడియంలో ఆట చూడాలనుకున్నాడనుకుందాం. దగ్గర్లో ఉన్న అంతర్జాతీయ క్రికెట్ మైదానం చెన్నైలోని చేపాక్. నెల్లూరు నుంచి దాదాపు 175 కిలోమీటర్లు. సొంత రాష్ట్రంలోని విశాఖపట్నం స్టేడియానికి వెళ్ళాలంటే 600 కిలోమీటర్లు. 2025 ఐపీఎల్‌లో చేపాక్‌లో జరిగిన తొలి మ్యాచ్‌కి అతి తక్కువ టికెట్టు 1,700 రూపాయలు, అతి ఎక్కువ 7,500. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. అంటే ఆ పిల్లవాడి తల్లి అయిదు రోజులకు పైగా మట్టి తవ్వి సంపాదించినది అన్నిటికంటే చవకైన ఒక్క సీటుకు చెల్లు. దారి ఖర్చులు దీనికి అదనం.

ఊళ్ళో ముందు వరస వయసును బట్టి వస్తుంది. స్టేడియంలో డబ్బును బట్టి వస్తుంది. ఆట ఒకటే, చూసే కళ్ళు ఒకటే. మరి చోటు పంచే పద్ధతి ఎందుకు మారింది? పది మందీ కోరుకునే దాన్ని పది మందికీ ఏ లెక్కన పంచాలన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. ధరను బట్టి పంచవచ్చు, వరసలో ముందు నిలబడ్డవాడికి ఇవ్వవచ్చు, అవసరాన్ని బట్టి ఇవ్వవచ్చు, అర్హతను బట్టి ఇవ్వవచ్చు. ఏ వస్తువుకు ఏ లెక్క తగినదో తేల్చాలంటే ముందు ఆ వస్తువు ఎలాంటిదో తెలుసుకోవాలని అమెరికన్ తత్త్వవేత్త మైకేల్ వాల్జర్ 1983లో వాదించాడు. ఉప్పుకు ధర పెట్టినట్టు ఓటుకు ధర పెట్టం. ఆట చూడటం ఈ రెంటిలో దేనికి దగ్గర?

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తేమీ కాదు. తిరుమల కొండ మీద ఏడాది పొడవునా వినిపించేదే. సర్వదర్శనానికి పైసా ఇవ్వక్కర్లేదు, గంటల తరబడి ఎదురుచూడాలి. ప్రత్యేక ప్రవేశ దర్శనానికి 300 రూపాయలు. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళమిచ్చి, 500 రూపాయల టికెట్టు తీసుకున్నవారికి వీఐపీ విరామ సమయంలో దర్శనం. దేవుడి ముందు ఈ తేడాలేమిటని బాధపడేవాళ్ళున్నారు, ఆ డబ్బుతో ఊరూరా గుళ్ళు కడుతున్నారు కదా అని సమాధానపడేవాళ్ళున్నారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, సర్వదర్శనం వరసను ఎత్తేసి అంతా టికెట్టే చేద్దామని అనగల ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. డబ్బున్నవాడికి త్వరగా దొరకవచ్చు గాని, లేనివాడికి అసలు దొరక్కుండా పోకూడదన్న కనీస ధర్మం అక్కడ నిలిచి ఉంది. పెద్ద స్టేడియాల గేటు దగ్గర ఆ కనీసం కూడా కరువైంది.

ఆటను దర్శనంతో పోల్చడం అతిశయమనిపించవచ్చు. కాని మన దార్శనికులు ఆటకు ఇచ్చిన స్థానం చిన్నది కాదు. పరిపూర్ణుడైన ఈశ్వరుడికి ఏ కొరతా లేనప్పుడు ఈ జగత్తును ఎందుకు సృష్టించాడన్న చిక్కు ప్రశ్నకు బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం ఇచ్చిన జవాబు లీల అని. లోకంలో ఏ లోటూ లేని రాజు కేవలం విహారంగా ఆడుకున్నట్టుగా, ఏ ప్రయోజనమూ తలచకుండా ఊపిరి ఆడినట్టుగా ఈ సృష్టి జరిగిందని శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. లాభం కోసం చేసేది పని, లాభాన్ని తలవకుండా చేసేది ఆట అన్న తేడా ఆ జవాబుకు ఆధారం. డచ్ చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో మరో దారిలో ఇలాంటి చోటికే వచ్చాడు. ఆట సంస్కృతిలో ఒక భాగం మాత్రమే అనుకోవద్దని, సంస్కృతే ఆటలోంచి ఎదిగిందని అతని సిద్ధాంతం.

ఇదంతా ఒప్పుకున్నా ఒక అభ్యంతరం మిగిలే ఉంటుంది. ఈనాడు ఆట వృత్తి. ఆటగాడికి జీతం కావాలి, ఫ్లడ్‌లైట్లకు కరెంటు కావాలి, పచ్చిక తడపడానికి మనుషులు కావాలి. లీల అంటూ గేట్లు తెరిచేస్తే బిల్లులు ఎవరు కడతారు?

న్యాయమైన ప్రశ్నే. దీనికి పెద్ద లీగుల దగ్గర ఒక జవాబు, చిన్న క్లబ్బుల దగ్గర మరో జవాబు. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా అయిదేళ్ళ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంత రాబడి ఉన్నచోట ఒక స్టాండును పిల్లలకు వంద రూపాయలకు వదిలితే కుప్పకూలేదేమీ లేదు. జిల్లా స్థాయి క్లబ్బుకు టీవీ డబ్బు రాదు. స్థానిక వ్యాపారి ఇచ్చే విరాళం, జట్ల నుంచి వచ్చే ఎంట్రీ ఫీజు, గేటు దగ్గర వచ్చే కాస్త చిల్లర, ఇంతే దాని బతుకు. కనుక చవక టికెట్ల భారాన్ని చిన్న క్లబ్బు ఒక్కదాని మీదే మోపడం అన్యాయం.

ప్రభుత్వ పన్ను విధానం ఈ తేడాను కొంత గుర్తించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. గుర్తింపు పొందిన ఇతర క్రీడా పోటీలకు 500 రూపాయలు మించని టికెట్టు మీద పన్నే లేదు, అది దాటితే 18 శాతం. అంటే సామాన్యుడు కొనగలిగే టికెట్టు పన్నుకు అతీతంగా ఉండాలన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది. ఆ మినహాయింపును పిల్లల దాకా చేర్చే పని క్రీడా సంఘాలది.

చేర్చినప్పుడు ఏం జరుగుతుందో తెలుగు నేల మీదే చూడవచ్చు. 2025 మహిళల వన్డే ప్రపంచ కప్‌కు భారత్‌లో జరిగే లీగ్ మ్యాచ్‌ల తొలి విడత టికెట్లను ఐసీసీ 100 రూపాయల నుంచి అమ్మింది. తన ప్రపంచ టోర్నీలన్నిటిలోనూ ఇదే అతి తక్కువ ధర అని ప్రకటించింది. విశాఖపట్నంలో అయిదు మ్యాచ్‌లు జరిగాయి. అక్టోబరు 12న భారత్, ఆస్ట్రేలియా ఆడిన రోజున అక్కడి స్టాండ్లకు మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. భారత జట్టులో కడప జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన శ్రీచరణి బౌలింగు చేసింది. వంద రూపాయలకు లోపలికి వచ్చిన ఒక అమ్మాయి కళ్ళెదుట మైదానంలో తన ప్రాంతపు అమ్మాయి, తలెత్తితే స్టాండు మీద తెలుగు నేల ఆటగత్తెల పేర్లు! ఈ కూర్పు విలువను ఏ టికెట్టు లెక్కలోనూ కట్టలేం. ఆ మ్యాచ్ ఓడినా నవంబరు 2న భారత జట్టు కప్పు గెలిచింది.

హైదరాబాద్ క్రికెట్ సంఘం 2024 జనవరిలో మరో దారి పట్టింది. ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టుకు రోజుకు 5,000 మంది చొప్పున 25,000 మంది బడి పిల్లలకు ఉచిత ప్రవేశం, మధ్యాహ్న భోజనం ప్రకటించింది. టెస్టు క్రికెట్‌కు ఖాళీ కుర్చీలు అలవాటైపోయిన రోజుల్లో ఇది మంచి ఆలోచన. ఆ టెస్టులో ఓలీ పోప్ రెండో ఇన్నింగ్స్‌లో 196 పరుగులు చేసి, ఓడిపోతుందనుకున్న ఇంగ్లండ్‌ను గెలుపు దాకా తీసుకెళ్ళాడు. పరాయి జట్టు బ్యాట్స్‌మన్ ఓపికకు చప్పట్లు కొట్టడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి తరగతి గది దొరకదు.

అయితే ఉచితానికీ చవకకూ మధ్య ఒక నైతిక భేదం ఉంది. పాసు ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడుతుంది. ఈ ఏడు ఇస్తారు, వచ్చే ఏడు ఇవ్వరు. ఈ బడికి అందుతుంది, ఆ బడికి అందదు. అందరికీ ప్రకటించిన తక్కువ ధర అయితే పిల్లవాడు తన చేతి డబ్బుతో, తను కోరుకున్న రోజున, తను మెచ్చిన జట్టు కోసం వెళ్ళగలడు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు తెరగులుగా విడదీసింది. దేశం, కాలం, పాత్రత చూసి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది సాత్త్వికం. ఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. ఆదరణ లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం. పత్రికలో ఫొటో కోసం పంచే పాసు ఏ రకం కిందికి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. నీడ లేని స్టాండులో, మంచినీళ్ళు దొరకని మూలన పిల్లల్ని పోగుచేసి, ఉచితమే కదా సర్దుకోండి అంటే అది మూడో రకం. ఆ పిల్లలకు ఆట కంటే అవమానమే ఎక్కువ గుర్తుండిపోతుంది.

ఊరికే ఇస్తే విలువ ఉండదని చాలామంది నిర్వాహకులు గట్టిగా నమ్ముతారు. దీనికి ఒక ఆసక్తికరమైన ప్రయోగం ఉంది. ఒహాయో విశ్వవిద్యాలయంలో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చి, ఎవరెన్ని నాటకాలకు వచ్చారో లెక్కపెట్టారు. 1985లో ప్రచురించిన ఫలితం ప్రకారం సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ వచ్చారు. నిర్వాహకుల నమ్మకానికి ఇది బలమే. కాని రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా మాయమైంది. చెల్లించిన డబ్బు మనిషిని కొంత దూరమే తోస్తుంది, ఆ తర్వాత నడిపించేది ఇష్టమే. ఇష్టం పుట్టడానికి ముందు కొన్నిసార్లు చూడాలి కదా, ఆ కొన్నిసార్లు చూడటానికే ధర అడ్డుపడకూడదు.

ధర తగ్గిస్తే చాలు, కుర్రకారు విరగబడి వస్తారనుకోవడం కూడా పొరపాటే. రంజీ మ్యాచ్‌లకు చాలాచోట్ల ప్రవేశం ఉచితం, స్టాండ్లు మాత్రం ఖాళీ. 2025 జనవరి 30న ఢిల్లీలో విరాట్ కోహ్లీ రంజీ ఆడుతున్నాడని తెలిసి పొద్దున్నే వేల మంది గేట్ల దగ్గర బారులు తీరారు. అంతకు ముందూ గేట్లు తెరిచే ఉన్నాయి, లోపల తమవాడు అనుకోదగ్గవాడు లేడు. స్థానిక క్లబ్బు బలమంతా ఈ తమతనంలోనే ఉండాలి. నెల్లూరులో పుట్టిన అశ్విన్ హెబ్బార్ ఆంధ్ర జట్టుకు ఆడుతున్నాడని జిల్లా బడుల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? వాళ్ళ కళ్ళ ముందు అతన్ని ఒక్క రోజు ఆడనిస్తే ఆ జట్టుతో వాళ్ళకు కలిసే బంధుత్వం పోస్టర్లతో రాదు.

బంధుత్వం కుదరకపోతే ఏమవుతుందో హైదరాబాద్ ఫుట్‌బాల్ చూసింది. 1950ల్లో సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. అలాంటి నగరంలో 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. ఆ తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. జట్టు వెళ్ళిపోవడానికి టికెట్ల ధర కారణమని ఎవరూ అనలేరు. కాని ఒక తరం పిల్లలు వారం వారం గచ్చిబౌలి స్టాండ్లలో పెరిగి ఉంటే, యజమాని అంత తేలిగ్గా ఊరు మార్చగలిగేవాడా అని అడగవచ్చు.

ఇంగ్లండ్‌లో అభిమానులు అడిగారు, గెలిచారు కూడా. లివర్‌పూల్ క్లబ్బు కొత్త స్టాండులో టికెట్టు 77 పౌండ్లకు పెంచుతామంటే, 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది నుంచే ప్రీమియర్ లీగ్‌లో ప్రత్యర్థి మైదానానికి వెళ్ళే అభిమానుల టికెట్టుకు 30 పౌండ్ల పరిమితి వచ్చింది. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతుల్లోనే ఉండాలన్న నియమం వల్ల, నిలబడి చూసే చవక స్టాండ్లు ఇప్పటికీ బతికి ఉన్నాయి. డ్యూసెల్‌డార్ఫ్ నగరపు ఫోర్టునా క్లబ్బు 2023 అక్టోబరు 21న మొదటిసారి పూర్తి ఉచితంగా మ్యాచ్ ఆడింది. ఖర్చు స్పాన్సర్లు పెట్టుకున్నారు. ఆ రోజు మూడు గోల్స్ వెనకబడి కూడా 4-3తో గెలిచింది.

ఉచితమైనా చవకైనా, క్రమం తప్పితే ప్రాణాల మీదికి వస్తుంది. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్ల కోసం జరిగిన తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. లోపలికి ఎవరు వెళ్ళవచ్చో, ఎలా వెళ్ళాలో స్పష్టత లేకుండా జనం పోటెత్తిన చోట జరిగిన ఘోరమిది. తక్కువ ధర పెడితే బ్లాకులో అమ్ముకుంటారన్న భయమూ నిజమే. దీనికీ తిరుమలలోనే దారి ఉంది. దర్శనం టోకెను ఆధార్‌తో ముడిపడి ఉండటంతో చేతులు మారడం కష్టమైంది. విద్యార్థి గుర్తింపు కార్డు మీద పేరుతో ఇచ్చే టికెట్టుకు ఇంకొకరు ఎక్కువ పెట్టి కొనే అవకాశం ఉండదు.

ఇందుకూరుపేట మండలంలో ఈ చర్చకు ఒక స్వంత వారసత్వం ఉంది. పెన్న ఒడ్డున పల్లిపాడులో పొణకా కనకమ్మ ఇచ్చిన నేలలో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. సంపద ఎవరి చేతిలో ఉన్నా వాళ్ళు దానికి ధర్మకర్తలు మాత్రమే, అసలు హక్కుదారు సమాజం అన్నది ఆయన జీవితాంతం చెప్పిన సిద్ధాంతం. క్రీడా క్లబ్బుకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే నిర్వచనం లేదు. ఒక కంపెనీ లైసెన్సు కొనవచ్చు, జట్టు పేరు రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ పేరు వింటే ఒళ్ళు పులకరించే పిల్లల్ని మాత్రం కంపెనీ తయారు చేయలేదు. వాళ్ళను ఊరు ఇచ్చింది. ఊరు ఇచ్చిన దాన్ని ఊరికి దూరం చేయకుండా చూడటమే ధర్మకర్త పని. ముందు వరసలు ఎక్కువ పెట్టినవారికే అమ్ముకుంటూ పోతే, ఈ ఏటి లాభం కోసం వచ్చే తరం అభిమానాన్ని ఖర్చుపెట్టేసినట్టు. అది ధర్మకర్త చేయదగ్గ ఖర్చు కాదు.

సిద్ధాంతం ఆచరణలోకి రావాలంటే టికెట్టు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే సరిపోదు. మైపాడు పిల్లలకు నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో జరిగే పోటీ ధర అంటే గేటు దగ్గర ఇచ్చేది, రానూపోనూ బస్సు, దాహానికి నీళ్ళు, అన్నీ కలిపి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సు ఉచితమైంది. కనుక అమ్మాయిలకు దారి ఖర్చు తప్పింది. కాని ఆట రాత్రి పొద్దుపోయి ముగిస్తే, తిరుగు బస్సు దాటిపోతే, శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే, ఏ తల్లీ కూతుర్ని పంపదు. 2023లో తొలి మహిళల ప్రీమియర్ లీగ్‌కు అమ్మాయిలకు, ఆడవాళ్ళకు ప్రవేశం ఉచితం చేశారు. మన జిల్లాల్లో దానికి తోడు ఆఖరి బస్సు వేళ చూసి ఆట వేళ పెట్టాల్సి ఉంటుంది.

ఒక జిల్లా కబడ్డీ టోర్నీలో మామూలు టికెట్టు 100 రూపాయలు అనుకుందాం. కోర్టుకు దగ్గరగా ఉన్న 200 సీట్లు ఇరవై ఒక్క ఏళ్ళ లోపు విద్యార్థులకు 20 రూపాయలకే పేరుతో ఇస్తే, రోజుకు 16,000 రూపాయలు తగ్గుతాయి. అయిదు రోజులకు 80,000. బడి మానేసి వలల మీదికి, గుంటల మీదికి పోయిన పిల్లలకు గుర్తింపు కార్డు ఉండదు. వాళ్ళ కోసం ఆధార్‌లోని వయసు చాలనాలి. రొయ్యల మేత డీలర్లు, ఎగుమతిదారులు, రైసు మిల్లుల యజమానులు ఉన్న ఈ తీరంలో 80,000 మోయగల చేతులకు కొరత లేదు. వాళ్ళ బ్యానరు మైదానం చుట్టూ కట్టేటప్పుడే, ఎన్ని పిల్లల సీట్లకు వాళ్ళు పూచీ పడ్డారో బ్యానరు మీదే రాయించవచ్చు. వచ్చే టోర్నీ కరపత్రం అచ్చుకు వెళ్ళకముందే నిర్వాహకులు వెళ్ళి వాళ్ళను అడగాలి.